బెండకాయ తింటే లెక్కలొస్తాయా?

పదో తరగతి లెక్కల పరీక్షకు పోయే రోజు పొద్దున్నే మా అమ్మ బెండకాయ ఫ్రై చేసింది. ముందు రోజు రాత్రి కూడా బెండకాయే. "ఇంకింత పెట్టుకో బిడ్డా, బెండకాయ తింటే లెక్కలొస్తయి" అని పక్కనే కూర్చుని వడ్డించింది. నాకు 39 మార్కులు వచ్చాయి. పాస్ మార్కులు 35 కాబట్టి పైన ఉన్న ఆ నాలుగూ బెండకాయవేనని అమ్మ ఇప్పటికీ అంటుంది. నేనేమీ అనను. ఎందుకంటే బెండకాయ నాకు నిజంగానే లెక్కలు నేర్పింది. కాకపోతే తిన్నందుకు కాదు, ఎకరం వేసినందుకు.

మాది నల్గొండ నుంచి దేవరకొండ పోయే తోవలో రోడ్డు దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే ఊరు. ఎర్ర చెల్కలు, బోర్ల కింద కాస్త వరి, అక్కడక్కడ బత్తాయి తోటలు, మిగిలిందంతా పత్తి. జూన్‌లో ఒక మంచి వాన పడిందంటే ఊరు ఊరంతా ఒకటే గింజ పెడుతుంది. ఇంత భూమి ఉన్న ఊళ్లో కూరగాయలు మాత్రం ఆటోలో వస్తాయి. పొద్దున తొమ్మిదింటికి మైకు మోగుతుంది. పదెకరాల ఆసామి ఇంటావిడ కూడా సంచి పట్టుకుని ఆటో దగ్గర నిలబడి, బెండకాయ కొసలు విరిచి చూస్తూ ఆటో అబ్బాయితో తిట్లు తింటుంది.

నేను అనేది ఒకటే. బెండ గుంటల్లో వేయాల్సిన పంట, ఎకరాల్లో వేయాల్సింది కాదు. గుంట అంటే ఎకరంలో నలభయ్యో వంతు. పత్తి వేసే ప్రతి ఇల్లూ బోరు దగ్గర రెండు గుంటలు బెండకు వదలాలి. అంతకు మించి వేస్తే అది కూరగాయ పంటగా ఉండదు, ఇంకో పత్తి అవుతుంది. తోటలు పెట్టి లాభాలు తీసినవాళ్లు ఉన్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు. పట్నానికి దగ్గరగా ఉండి, ఇంట్లోనే నలుగురు కోసేవాళ్లుంటే వాళ్ల లెక్క వేరు. మాలాంటి ఊళ్ల గురించి చెప్తున్నాను.

నాలుగేళ్ల కింద జనవరి ఆఖర్లో ఎకరం వేశాను. యాసంగిలో బెండకు రేటుంటుందని ఎవరో చెప్పారు. రెండున్నర కిలోల హైబ్రిడ్ విత్తనం, డ్రిప్, మల్చింగ్ షీటు అన్నీ పెట్టాను. నలభై రోజులకు పూత వచ్చింది. బెండ పువ్వును ఎప్పుడైనా ఆగి చూశారో లేదో. లేత పసుపు రేకులు, నడిమధ్య వంకాయ రంగులో మచ్చ. పొద్దున విచ్చుకుంటుంది, సాయంత్రానికి ముడుచుకుపోతుంది. అక్కడి నుంచి ఐదారు రోజుల్లో కాయ కోతకొస్తుంది. ఆ తర్వాత ఇక మన చేతుల్లో ఏమీ ఉండదు. రోజు విడిచి రోజు కోయాలి. పండుగున్నా, జ్వరమున్నా, చావున్నా కోయాలి.

కోయడమంటే మాటలు కాదు. కాయ మీద, ఆకు మీద, కాడ మీద సన్నని నూగు ఉంటుంది. పది నిమిషాల్లో ముంజేతులు దద్దుర్లు తేలి మండుతాయి. కోతకు వచ్చే ఆడవాళ్లు పాత సాక్సులకు వేళ్ల దగ్గర కత్తిరించి మోచేతుల దాకా తొడుక్కునేవాళ్లు. మా పిల్లల స్కూలు సాక్సులు ఆ ఎండాకాలంలోనే అన్నీ అయిపోయాయి. ఐదుగురు ఆరింటికి మొదలుపెడితే పదకొండుకు అయ్యేది. సాయంత్రం బస్తాలు కట్టి రాత్రి డీసీఎం వ్యాను ఎక్కిస్తే తెల్లారేసరికి పట్నం మార్కెట్లో ఉండేవి.

మొదటి వారం కిలోకు 28, 30 పడింది. నేను బైక్ మార్చే ఆలోచన కూడా చేశాను. ఏప్రిల్ వచ్చేసరికి అందరి తోటలూ ఒకేసారి కాపుకొచ్చాయి. ఒక రోజు చీటీ ఇప్పటికీ నా పర్సులో ఉంది. పంపింది 110 కిలోలు. తరుగు 5 పోను 105. కిలో 6 రూపాయల లెక్కన 630. అందులో కమీషన్ 63, కిరాయి 330, హమాలీ 55. నా చేతికి మిగిలింది 182 రూపాయలు. ఆ కాయలు కోసినందుకు నేను ఇచ్చిన కూలి 1,500.

మరి కోయకుండా వదిలేయొచ్చు గదా అంటారు. అక్కడే బెండ మెలిక పెడుతుంది. కాయ చెట్టు మీద ముదిరితే చెట్టు తన బలమంతా అందులోని గింజకు పెట్టి, కొత్త పూత తగ్గిస్తుంది. ఈ వారం రేటు లేదని ఆగితే వచ్చే వారం కాయే ఉండదు. మా చిన్నాన్న కూతురు పెళ్లికని రెండు రోజులు పోయి మూడో రోజు తిరిగొచ్చేసరికి జానెడు జానెడు కాయలు, విరిస్తే విరగవు, పీచు తేలి ఉన్నాయి. బర్రెలకు వేశాం. "ముదిరిన బెండకాయ, ముదిరిన బ్రహ్మచారి" అని మనవాళ్లు కలిపి వెక్కిరిస్తారు. అందులో రెండో సగం నేను ఒప్పుకోను. నలభై దాటినా పెళ్లి చేసుకోని మా దోస్తు ఒకడు మా అందరికంటే నిమ్మళంగా ఉన్నాడు. మొదటి సగం మాత్రం అనుభవం మీద చెప్తున్నా, అక్షరాలా నిజం.

డబ్బు పోవడం ఒకెత్తు. నన్ను ఇప్పటికీ గుచ్చేది ఇంకోటుంది. అది మందుల సంగతి.

పత్తి, బెండ, పుంటికూర (గోంగూర), మందారం, ఈ నాలుగూ ఒకే కుటుంబం. పువ్వులు పక్కపక్కన పెట్టి చూస్తే అక్కచెల్లెళ్లని తెలిసిపోతుంది. కాబట్టి పత్తి మీద బతికే పచ్చదోమకు, తెల్లదోమకు, కాయతొలుచు పురుగుకు బెండ కూడా చుట్టాలిల్లే. చుట్టూ పత్తి ఉన్న ఊళ్లో ఎకరం బెండ వేయడమంటే వాటికి పెళ్లి భోజనం పెట్టడమే. పత్తి సాగు మీద ఇచ్చే సలహాల్లోనే ఒక మాట ఉంటుంది, పత్తి చుట్టూ బెండ సాళ్లు ఎర పంటగా వేసుకోండి, పురుగు ముందు దాని మీద వాలుతుంది అని. సలహాలో తప్పు లేదు, పని చేస్తుంది కూడా. కానీ మనం తినేదాన్ని మనం తిననిదానికి కాపలా పెడుతున్నాం, ఆ కాపలా సాళ్ల మీద కొట్టిన మందుతోనే ఆ కాయలు కొన్నిసార్లు కూరలోకి వస్తున్నాయి.

తెల్లదోమ తెచ్చే పెద్ద జబ్బు పల్లాకు తెగులు. మావైపు శంఖు రోగమని కూడా అంటారు. ముందు ఆకు ఈనెలు పసుపుతేలి వలలా కనిపిస్తాయి, తర్వాత ఆకంతా, చివరికి కాయ కూడా పాలిపోయి గట్టిపడుతుంది. అది వైరస్. వచ్చిన మొక్కకు మందు లేదు. కొట్టే మందంతా దోమ కోసమే. మా మందుల షాపాయన మూడు రకాల సీసాలు కలిపి కొట్టమన్నాడు. కొట్టాను. ఒక సీసా మీద చిన్న అక్షరాల్లో ఉంది, కొట్టాక ఇన్ని రోజుల దాకా కాయ కోయరాదని. ఏ మందుకైనా ఆ ఆగాల్సిన రోజులు ఉంటాయి, రకాన్ని బట్టి కొన్నింటికి ఎక్కువ, కొన్నింటికి తక్కువ. బెండేమో రోజు విడిచి రోజు కోయాలంటుంది. సోమవారం కొట్టి బుధవారం కోయకపోతే కాయ ముదురుతుంది, కోస్తే మందు కాయ మీదే ఉంటుంది. నేను బుధవారం కోశాను. అబద్ధమెందుకు, ఒకసారి కాదు, చాలాసార్లు కోశాను. యూరప్ దేశాలు మన బెండకాయకు సరిహద్దుల దగ్గరే మందుల అవశేషాల పరీక్షలు అదనంగా పెట్టాయంటే ఊరికే పెట్టలేదు. వాళ్లకు పరీక్ష ఉంది. మా ఊరి ఆటోకు ఏ పరీక్షా లేదు.

ఒక రోజు ఇంట్లోకి కాయలు కావాలని నేను సంచి తీసి బస్తాలోంచి నింపబోతే అమ్మ ఆపింది. "అవి వద్దు, నేను బోరు కాడి నుంచి తెస్త" అంది. అప్పుడు చూశాను. బోరు పక్కన మొదటి రెండు సాళ్లకు మందు కొట్టే మనిషిని అమ్మ మొదటి నుంచీ రానివ్వలేదట. అడిగితే, "అమ్మేటియి అమ్మేటియే, తినేటియి తినేటియే" అంది, కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా. నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయింది. ఆ వారమే మైకు ఆటోలో బెండకాయలు చూసి ఎక్కడివని అడిగితే పట్నం మార్కెట్ నుంచి అన్నాడు. నావే తిరిగొచ్చాయేమో ఎవరికి తెలుసు. మా పక్కింటి పెద్దమ్మ కిలో కొనుక్కుపోతుంటే చూసి తలదించుకుని ఇంట్లోకి వచ్చాను.

ఆ మరుసటి వానకాలం ఆ రెండు సాళ్ల లెక్కనే కొంచెం పెంచాం. రెండు గుంటలు, అంతే.

ఈసారి హైబ్రిడ్ వద్దనుకుని అర్కా అనామిక తెచ్చాం. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు అడవి బెండతో సంకరం చేసి, పల్లాకు తెగులును తట్టుకునేలా తయారు చేసిన రకం. తట్టుకోవడమంటే అసలే రాదని కాదు. అంతకు ముందు పూసా సావని అనే బెండ రకం కూడా అట్లాగే పేరు తెచ్చుకుని వచ్చింది, కొన్నేళ్లకు ఆ శక్తి పోయింది. కానీ ఇది మామూలు రకం కాబట్టి మన చెట్టు విత్తనం మనమే కట్టుకోవచ్చు. హైబ్రిడ్ విత్తనం కట్టుకుంటే మరుసటి ఏడు తలా ఒక తీరుగా మొలుస్తుంది.

విత్తనం రాత్రంతా నానబెట్టి, సాలుకు సాలుకు మధ్య రెండడుగులు, మొక్కకు మొక్కకు మధ్య అడుగు ఉండేట్టు, గుంతకు రెండు గింజలు. మొలిచాక బక్కది పీకేయాలి. రెండు గుంటల్లో ఇంచుమించు వెయ్యి నూరు మొక్కలు పట్టాయి. అడుగున రెండు బండ్ల పశువుల పెంట. చుట్టూ మూడు వరసలు ఒత్తుగా జొన్న వేశాం, పక్క పత్తి నుంచి దోమ నేరుగా ఎగిరి రాకుండా అది గోడలా నిలబడుతుంది. పసుపు రంగు డబ్బా మూతలకు ఆముదం పూసి కర్రలకు కట్టాం, తెల్లదోమ వాటికి వచ్చి అంటుకుంటుంది. వారం పది రోజులకోసారి వేపగింజల కషాయం. కష్టమైన పని ఒకటే, పసుపు ఈనె కనిపించిన మొక్కను ఆ రోజే పీకి గెట్టు అవతల పాతిపెట్టడం. నాకు మనసొచ్చేది కాదు. కాయలతో నిండుగా ఉన్న మొక్కను ఎట్లా పీకుతాం? అమ్మ మాత్రం కలుపు తీసినట్టు తీసేసేది. ఎకరంలో ఇది కుదరదు. ఎకరంలో మొక్కను ఎవరూ చూడరు, పంటను చూస్తారు.

ఇక లెక్క. మామూలుగా ఎకరానికి నాలుగు టన్నులు అనుకుంటే గుంటకు క్వింటాల్. మేం రసాయనం ముట్టలేదు కాబట్టి అంత రాలేదు. రెండు నెలల్లో రెండు గుంటల మీద నూటా యాభై కిలోలకు అటూ ఇటూ వచ్చింది. అంటే కోతకు ఐదు కిలోలు. అమ్మ ఒక్కతే అరగంటలో కోసేది. ఇంట్లోకి కిలోన్నర, మా అక్కకు కొంత, మిగిలింది గడప దగ్గరే కిలో ముప్పై చొప్పున ఇచ్చేది. ఆటో రాకముందే అయిపోయేవి. అట్లా సీజన్‌లో రెండు వేల పైచిలుకు వచ్చింది.

రెండు వేలతో ఏం ఒరుగుతుందని మా కాక నవ్వాడు. అమ్మ చెప్పిన జవాబు నాకు నచ్చింది: "పత్తి పైసలు ఎప్పుడన్న నా చేతుల పడ్డయా?" పత్తికి మద్దతు ధర ఉంది, 2024-25లో పొడుగు పింజకు క్వింటాల్‌కు 7,521 రూపాయలు. బెండకు అలాంటిదేమీ లేదు. అయినా పత్తి డబ్బు ఏడాదికి ఒకసారి ఒకే కట్టగా వచ్చి, వచ్చిన రోజే విత్తనాల ఉద్దెర, మందుల ఉద్దెర, మిత్తి కట్టేసి పోతుంది. బెండ డబ్బు పది, ఇరవై నోట్లుగా వచ్చి పోపుల డబ్బాలో పడుతుంది. నూనె ప్యాకెట్టు, పిల్లల నోటు పుస్తకం, ఫోన్ రీచార్జ్ అందులోంచే. ఊళ్లో "పంట ఎట్లుంది" అని అడిగితే ఎవరూ దీన్ని చెప్పరు. మగవాళ్ల లెక్కలోకి రాని డబ్బు కాబట్టి దీన్ని పంటే అనరు, నాకు అర్థమైంది ఇంతే.

అసలు విలువ ఆ రెండు వేలలో లేదు, మేం తిన్న కాయల్లో ఉంది. పెద్దవాళ్లు రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. పత్తి తీసే రోజుల్లో మా ఊళ్లో ఎవరి టిఫిన్ విప్పినా తొక్కు, పప్పు, లేదంటే కారం మెతుకులు. అందులో 50 గ్రాముల కూరగాయ ఉంటే గొప్ప. పచ్చి బెండకాయ 100 గ్రాముల్లో 33 కేలరీలే, పీచు 3 గ్రాములు, విటమిన్ సి 23 మిల్లీగ్రాములు, కాల్షియం 80 మిల్లీగ్రాములు, గర్భిణులకు అవసరమైన ఫోలేట్ 60 మైక్రోగ్రాములు ఉంటాయి. ఇనుము పెద్దగా లేదు, రక్తం తక్కువైందని దీని మీద ఆధారపడొద్దు. అట్లాగే మా నల్గొండలో తిండి గురించి మాట్లాడితే నీళ్లలోని ఫ్లోరైడ్ మాట రాక మానదు. కాల్షియం తక్కువ తినేవాళ్ల ఎముకలను ఫ్లోరైడ్ ఎక్కువ దెబ్బ తీస్తుందనేది నిజమే గానీ బెండకాయ ఫ్లోరైడ్‌కు మందు కాదు. నీళ్లు మారాల్సిందే.

ఇప్పుడు ఇంకో పిచ్చి నడుస్తోంది, బెండకాయ నీళ్లు. ఫోన్లో వీడియో చూసి మా కాక రాత్రి గ్లాసులో నాలుగు కాయలు చీల్చి వేసి పొద్దున ఆ బంక తాగుతున్నాడు, షుగర్ తగ్గుతుందట. ఆ జిగురు నీళ్లలో కరిగే పీచు, అన్నంలోని చక్కెర రక్తంలోకి ఎక్కడాన్ని కొంత నెమ్మది చేస్తుంది. అంతవరకు సరే. కానీ ఎలుకల మీద చేసిన ఒక పరీక్షలో అదే జిగురు షుగర్‌కు వేసుకునే మెట్‌ఫార్మిన్ గోలీ ఒంట్లోకి పట్టకుండా అడ్డుపడింది. కాక వేసుకునేది అదే గోలీ. డాక్టర్‌ని అడగమన్నాను. అడగలేదు. కూరగా తినమంటే తినడు, అదీ విడ్డూరం.

ఆ జిగురంటే మన ఆడవాళ్లకు పగ. కడిగి, తుడిచి, ఆరబెట్టి, తర్వాత కోస్తారు. మూత పెట్టకుండా వేయిస్తారు. చింతపండు పులుసు పడితే జిగురు విరుగుతుంది, అందుకే మన పులుసుల్లో బెండకాయ అంత బాగా కుదురుతుంది. అదే ఆఫ్రికాలో బెండ పులుసులు, అమెరికా దక్షిణాదిలో గుంబో అనే పులుసు వండేవాళ్లకు ఆ జిగురే కావాలి, దానితోనే పులుసు చిక్కబడుతుంది. మనవాళ్లూ దాన్ని పూర్తిగా వదిలేయలేదు. బెల్లం వండే చోట బెండ కాండం దంచి తీసిన జిగురును మరిగే చెరకు రసంలో వేస్తే మురికంతా తెట్టులా పైకి తేలుతుంది. నాకైతే పల్లిపొడి చల్లిన బెండకాయ ఫ్రై, జొన్న రొట్టె ఉంటే చాలు. నల్లగా మాడేదాకా వేయించే అలవాటు మాత్రం మానాలి. విటమిన్ సి పోయాక తినేది నూనె పీల్చిన పీచే.

ఇబ్బందులు చెప్పకపోతే ఈ వ్యాసం మోసం అవుతుంది. మొదటిది కోతులు. గుంపు వచ్చిందంటే రెండు గుంటలు పది నిమిషాల పని. మాకు బోరు ఇంటికి దగ్గర, కుక్క ఉంది, అమ్మ కేకలున్నాయి. దూరం చెల్క ఉన్నవాళ్లకు ఇది కుదరదు, ఇంటి వెనక నాలుగు సాళ్లు వేసుకోవడమే. రెండోది, ఏటా అదే మడిలో వేస్తే వేళ్లకు నులిపురుగు బుడిపెలు కడతాయి, చోటు మార్చాలి. మూడోది పని ఎవరు చేస్తారని. మా ఇంట్లో అమ్మ చేసింది, నేను రాసుకుంటున్నాను. ఈ మాట మా ఆవిడ చదివి నవ్వింది, నవ్వకపోతే ఆశ్చర్యం.

మొన్న సంక్రాంతికి కాక వచ్చి తనూ బెండ వేస్తానన్నాడు. ఎంత అంటే ఎకరమన్నాడు. నేను పర్సులోంచి ఆ 182 రూపాయల చీటీ తీసి చూపించాను. సరే, రెండు గుంటలే వేద్దామంటే ట్రాక్టరోడు రెండు గుంటలకు రాడు, వచ్చినా అండ్ల ట్రాక్టర్ ఏడ తిరుగుతదన్నాడు. "పార లేదా మీ ఇంట్ల?" అంది అమ్మ.

చెట్టు మీదే ఎండబెట్టి, గలగలమన్నాక కోసి, బూడిద కలిపి దాచిన విత్తనం డబ్బా దించింది. టీ గ్లాసుతో రెండు గ్లాసులు కొలిచి, పాత పంచె ముక్కలో మూట కట్టి చేతిలో పెట్టింది. కాక ఆ మూటను అరచేతిలో ఎగరేసి బరువు చూసి, "గింతేనా వదినె?" అన్నాడు.